గడప ముందు ఈరన్న చెప్పిన మాట

మేస్త్రీ ఈరన్న మీద నాకు కోపం ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఆయన మంచివాడని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ కాదనను. కానీ ఆ మంచితనం ఖరీదు ఎవరు కట్టారో నాకు తెలుసు. ఆ కాగితాలన్నీ టైపు కొట్టింది నేనే.

అనంతపురంలో కోర్టు గేటు దగ్గర రోడ్డు దాటితే రేకుల షెడ్డు ఒకటుంది. అందులో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. మొదట టైపు మిషను, ఇప్పుడు కంప్యూటరు. నోటీసులు, దావాలు, అఫిడవిట్లు, బాడుగ కరార్లు, ఏదైనా సరే పేజీకి ఇంత. జనం ఏడుపులు వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయి. అలాంటి నాకే ఈరన్న కేసు కొట్టేటప్పుడు కీబోర్డును విసిరికొట్టాలనిపించేది. అవతలివాడి మీద కోపం సగం, ఈయన మీద సగం.

ఈరన్నది గుమ్మఘట్ట మండలంలో ఒక పల్లె. కన్నడం, తెలుగు కలగలిపి మాట్లాడతాడు, డబ్బును దుడ్లు అంటాడు. వాళ్ళ నాయనకు మూడెకరాల మెట్ట ఉండేది. మూడు బోర్లు వేయించాడు, మూడింట్లోనూ దుమ్మే లేచింది. అప్పు తీర్చడానికి ఈరన్న టౌనుకొచ్చి మాలు మోసే పనిలో చేరాడు. సిమెంటు, ఇసుక కలిపిన గంప నెత్తినెత్తుకుని ఆరేళ్ళు నిచ్చెనలెక్కాడు. తర్వాత తాపీ పట్టాడు. నలభై దాటేసరికి సొంత గుంపు కట్టాడు. గుంపంటే తొమ్మిదిమంది, అందరూ వాళ్ళ పల్లెవాళ్ళే. ఆడవాళ్ళకు పెద్ద తిమ్మక్క. ఈరన్న పని తెస్తాడు, వాళ్ళు చేస్తారు. వారానికింత చేతికిచ్చి, మిగిలిన కూలి ఇల్లు పూర్తయ్యాక కట్టిస్తాడు. ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది. ఒక్కసారి కూడా ఎవరి రూపాయీ ఎగ్గొట్టలేదు.

పనిమంతుడు. అది కూడా ఒప్పుకోవాలి. మా ఊళ్ళో తాగేదానికే ట్యాంకరు కోసం ఎదురుచూస్తాం కదా, కొత్త గోడకు నీళ్ళు కొట్టమంటే ఇంటి యజమానులకు ప్రాణం పోతుంది. ఈరన్న మాత్రం గోడకు గోనెసంచులు కప్పించి, తెల్లవారకముందే తడిపించేవాడు. "పచ్చిగోడ ఎండితే నేను సచ్చినా ఆ పగులు కనబడతానే ఉంటాది" అనేవాడు. భార్య ఆంజినమ్మే బకెట్లతో నీళ్ళు మోసేది. ఆయన కట్టిన ఇళ్ళలో గోడ చెమ్మగిల్లిందని ఎవరూ అనగా వినలేదు.

ఇంత పనిమంతుడికి కాగితం అంటే మాత్రం లెక్కలేదు. కరారు లేదు, రసీదు లేదు. యజమాని తాంబూలం ఇస్తాడు, ఈయన తీసుకుంటాడు, అంతే, ఇల్లు మొదలు. "మాట తప్పేటోడు కాగితం తప్పడా అక్కా?" అని నన్నే అడిగాడొకసారి. నా షెడ్డులో కూర్చుని, నా పొట్ట కొట్టే మాట.

దేవేంద్రతో కూడా తాంబూలమే. దేవేంద్ర పేరు మా వైపు చాలామందికి తెలుసు. భూములున్న కుటుంబం, రాజకీయం ఉంది, రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. రాప్తాడు దారిలో రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టాడు. సామాను ఆయనది, కూలి ఈరన్నది. చదరపు అడుగుకు రెండొందల అరవై. మొత్తం ఏడు లక్షల ఇరవై ఎనిమిది వేలు అయింది. ఇల్లు లేస్తుంటే నాలుగు లక్షలు ఇచ్చాడు, అన్నీ నోట్లే. చివర్లో ప్రహరీ గోడ కూడా కట్టమన్నాడు. అప్పుడాయన బెంగళూరులో ఉన్నాడు కాబట్టి, ప్రహరీకి అరవై రెండు వేలు ఒప్పుకున్నానని వాట్సాప్‌లో పెట్టాడు. ఈ వ్యవహారం మొత్తానికి రాతలో ఉన్నది ఆ ఒక్క ముక్కే. ఆయన ఊళ్ళో ఉండుంటే అదీ ఉండేది కాదు.

ఇక గృహప్రవేశం. ఈరన్న పనిచేసే ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. దంపతులు గడప దాటకముందు మేస్త్రీని, మేస్త్రీ భార్యను పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెడతారు. అప్పుడు ఇంటి యజమాని అందరిముందూ అడుగుతాడు, నీకు ముట్టాల్సింది ముట్టిందా అని. మేస్త్రీ ముట్టింది, చల్లగుండండి అనాలి. కట్టినవాడి ఉసురు గోడల్లో ఉండకూడదని ఆ మాట. ఇంకా ఎంత బాకీ ఉన్నా ఆ గడప ముందు ముట్టలేదని ఏ మేస్త్రీ అనడు. అంటే ఇంటిని శపించినట్టే. లెక్కలు తర్వాత వారం పది రోజులకు తేలుతాయి. అది దీవెనేగానీ రసీదు కాదని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు.

దేవేంద్ర అడిగాడు. ఈరన్న ముట్టిందన్నాడు. ఇంకా మూడు లక్షల తొంభై వేలు రావాలి.

వారం పోయింది, పది రోజులు పోయాయి. ఈరన్న వెళ్ళి అడిగాడు. దేవేంద్ర కసురుకునే రకం కాదు. కుర్చీ వేయిస్తాడు, టీ తెప్పిస్తాడు. "ఏమప్పా మేస్త్రీ, నాకే గవర్నమెంటోళ్ళు బిల్లులియ్యలే. అవి వచ్చినంక మొదట నీదే" అంటాడు. ఉగాదికన్నాడు, దసరాకన్నాడు, మార్చికన్నాడు. ఈరన్న చెప్పులరిగేలా తిరిగాడు. మధ్యలో పై బాత్రూములో నీళ్ళు కారుతున్నాయని ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్ళి బాగుచేసి కూడా వచ్చాడు. కూలి అడగలేదు. దేవేంద్ర మాత్రం తన బిల్లుల కోసం హైకోర్టుకెళ్ళాడు, వడ్డీతో సహా తెచ్చుకున్నాడు. ఆ సంగతి పేపర్లో చదివి ఈరన్న సంబరపడ్డాడట, ఇక తన డబ్బు వచ్చేసినట్టే అని. ఆ సంబరంతోనే వెళ్ళాడు. ఆ రోజు కుర్చీ వేయలేదు.

"నీకియ్యాల్సింది యాడుందప్పా? అంతా ముట్టిందని నువ్వే చెప్తివి గదా" అన్నాడు దేవేంద్ర.

ఈరన్న మొదట పోలీస్ స్టేషనుకు వెళ్ళాడు. ఇది సివిల్ వ్యవహారం, కోర్టుకు పొమ్మన్నారు. అలా తిరిగి తిరిగి నా షెడ్డు ముందు తేలాడు. అప్పటికి ఇల్లు పూర్తయి మూడేళ్ళు నిండడానికి నలభై రోజులే ఉంది. పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్ళ లోపల దావా వేయకపోతే ఆ బాకీకి కోర్టులో దిక్కులేదు. ఆ ముక్క చెబితే ఆయన ముఖం పాలిపోయింది. "దుడ్లకు గూడా ఆయుస్సు ఉంటాదా అక్కా?" అన్నాడు.

పేదవాళ్ళకు ప్రభుత్వం తరఫున ఉచితంగా వకీలును పెడతారని, అర్జీ నేనే రాసిస్తానని చెప్పాను. వద్దన్నాడు. "కూలి ఇయ్యకుండా పని చేయించుకునేది నాకు చేతగాదు" అన్నాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లాయరు చైతన్య దగ్గరకు తీసుకెళ్ళాను. కుర్రవాడు, నిక్కచ్చిగా ఉంటాడు, పేదవాళ్ళ దగ్గర ఎక్కువ గుంజడు.

చైతన్య ఒక్కొక్కటే అడిగాడు. "అగ్రిమెంటు ఉండాదా?"

"లేదు సార్."

"చెక్కు గానీ ఇచ్చినాడా? అది బౌన్సయి ఉంటే నోటీసిచ్చి క్రిమినల్ కేసే వేద్దుము."

"లేదు సార్, అంతా చేతికే."

"ప్రోనోటు? బిల్లుపుస్తకం? చిన్న పరిశ్రమ కింద ముందే రిజిస్టరు చేసుకునింటే దానికి వేరే దారి ఉంటాది."

"నేను తాపీ మేస్త్రీని సార్" అన్నాడు ఈరన్న, తప్పు చేసినవాడిలా. వాట్సాప్ ముక్క చూపిస్తే చైతన్య ఊపిరి పీల్చుకున్నాడు. గడప ముందు జరిగిన తంతు గురించి ఈరన్న చెప్పలేదు. దాచాలని కాదు. అది కూడా లాయరుకు చెప్పాల్సిన విషయమేనని ఆయనకు తట్టలేదు.

నోటీసు కొట్టాను. రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళింది. జవాబు రాలేదు. లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టాం. దావా లేకుండానే ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చే చోటు అది, ఫీజు లేదు. దేవేంద్ర తన లాయరును పంపి యాభై వేలకు ఒప్పుకుంటే సరి అనిపించాడు. అక్కడే ఉన్న ఆంజినమ్మ భగ్గుమంది. "యాభై వేలా? నేను మోసిన నీళ్ళకు గూడ సాలదు" అంది. ఈరన్న తలూపాడు. నాకు కూడా ఆమె మాటే సబబనిపించింది. అప్పటికి మేమంతా నిజం మావైపే ఉంది కదా అన్న ధీమాలో ఉన్నాం.

గడువుకు తొమ్మిది రోజుల ముందు దావా వేశాం. కోర్టు ఫీజుకు, వకీలుకు, మిగతా ఖర్చులకు ఆంజినమ్మ కమ్మలు వెళ్ళాయి. ఈలోగా కూలివాళ్ళ పాత బాకీ మెడమీద ఉంది. కాంక్రీటు మిక్సరు అమ్మి కొంత కట్టాడు. ఇంకా ఒక్కొక్కరికి పదిహేను వేలు, తొమ్మిదిమందికి లక్షా ముప్పై అయిదు వేలు. ఈ కేసు గెలిస్తేనే ఆ తొమ్మిది ఇళ్ళకు కూలి అందుతుంది. ఓడితే అందదు. ఇది ఈరన్నకు తెలుసు, తిమ్మక్కకు తెలుసు, వాయిదా వాయిదాకూ వాళ్ళ ముఖాలు చూసే నాకూ తెలుసు.

దేవేంద్ర జవాబు దావా దాఖలైంది. దాంతోపాటు గృహప్రవేశం వీడియో ఉన్న పెన్‌డ్రైవు, అది అసలుదేనని సర్టిఫికెట్టు. చైతన్య చదివి నెత్తి కొట్టుకున్నాడు. "ఇంత పెద్ద సంగతి నాకు చెప్పకపోతివే ఈరన్నా!"

"అది పెండ్లిలో అక్షింతలేసినట్ల సార్. దాన్ని లెక్కలోకి తీసుకుంటారా?"

అయినా చైతన్య చేతులెత్తేయలేదు. దారి ఉందన్నాడు. అది ఆచారం కోసం అన్న మాటేనని, డబ్బు ముట్టలేదని, ముట్టిందన్నది నిజం కాదని బోనులో గట్టిగా చెబితే చాలు, జడ్జి వినకపోడన్నాడు. ఇంకో ఇద్దరు ముసలి మేస్త్రీలను సాక్షులుగా పెట్టి, మా పనిలో ఇదే పద్ధతి అని చెప్పించాడు కూడా. వాళ్ళు బాగానే చెప్పారు. ఈరన్నతో ఆ వాక్యం నా షెడ్డులోనే పదిసార్లు పలికించాడు. "ఆ మాట అబద్ధం, ఆచారం కోసం అన్నాను." పదిసార్లూ ఈరన్న నేల చూస్తూనే పలికాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

విచారణ రోజు నేను షెడ్డు మూసి కోర్టు హాల్లోకి వెళ్ళాను. వీడియో వేశారు. పీటల మీద ఈరన్న, ఆంజినమ్మ. ముందు దీపం, దేవుడి పటం. దేవేంద్ర కోడలి చంకలో ఏడాది పిల్ల. దేవేంద్ర అడగ్గానే ఆంజినమ్మ మొగుడి తొడ గిల్లడం తెర మీద స్పష్టంగా కనబడింది. ఈరన్న ఆమె చెయ్యి పక్కకు తీసేసి చేతులు జోడించాడు. "ముట్టిందన్నా. మీ బిడ్డలూ మీరూ సల్లగుండండి" అన్నాడు. బొమ్మ అక్కడ ఆపారు.

దేవేంద్ర లాయరు పెద్దాయన, నిదానంగా మాట్లాడతాడు. "దీపం ముందర, దేవుని ముందర అన్నావు మేస్త్రీ. ఆ మాట నిజమా, అబద్ధమా?"

చైతన్య కళ్ళతో సైగ చేస్తున్నాడు. నేను వెనక బెంచీలో, తిమ్మక్కావాళ్ళ పక్కన, చీర కొంగు నలుపుకుంటూ, చెప్పు, చెప్పు అని లోపలే గొణుక్కుంటున్నాను. జడ్జిగారు కూడా ఓపికపట్టారు. "భయపడొద్దు, ఉన్నది చెప్పు" అన్నారు.

"దుడ్లు ముట్టలేదు సార్" అన్నాడు ఈరన్న.

"నేనడిగింది అది కాదు. ఆ రోజు నువ్వన్న మాట అబద్ధమా?"

"ఆ ఇంట్లో పసిబిడ్డ ఉండాది సార్. ఆ మాట అబద్ధమని నా నోటితో నేనంటే ఆ ఇంటికి తగులుతాది. నేననలేను. ఆ మాట నిజమే సార్."

అలాగే రాసుకున్నారు. రాసుకోక ఏం చేస్తారు? చైతన్య మళ్ళీ లేచి రెండు ప్రశ్నలు వేసి కొంత సర్దబోయాడుగానీ, ఈరన్న ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. బయటికొచ్చాక ఆంజినమ్మ మెట్ల మీద కూర్చుని చెప్పుల్లో ఇరుక్కున్న రాయిని తీసుకుంటూ ఉండిపోయింది. నేనే అరిచాను. నీకు బుద్ధుందా, ఆ ఇంటికేమవుతుందోనని నీ ఇంటిని ముంచుకుంటావా అని కోర్టు ఆవరణ అంతా వినబడేట్టు అరిచాను. ఆయన విన్నాడు. "అరిచేదానికి నీకు హక్కుండాది అక్కా" అన్నాడు.

తీర్పు వచ్చింది. ఇంటి కూలి బాకీ రుజువు కాలేదు, అది ముట్టినట్టు వాది స్వయంగా ఒప్పుకున్నాడు కాబట్టి ఆ భాగం కొట్టివేశారు. గడప ముందు అన్న మాట ఇంటి సంగతి, ప్రహరీ గోడకు మాత్రం విడిగా వాట్సాప్ రాత ఉంది, దానికి చెల్లించినట్టు అవతలివైపు ఏ ఆధారమూ చూపలేదు. అరవై రెండు వేలు వడ్డీతో కట్టమన్నారు. జడ్జిగారిని ఏమీ అనలేను. ఆయన ముందు ఏముందో దాన్నిబట్టే రాశారు. దేవేంద్ర నెల తిరక్కుండా ఆ డబ్బు కోర్టులో కట్టేశాడు. చట్టమంటే తనకు గౌరవమని ఎవరితోనో అన్నాడట కూడా. వింటే ఒళ్ళు మండిపోయింది.

అప్పీలు వేయొచ్చని చైతన్య చెప్పాడు. ఈరన్న వద్దన్నాడు. ఆ వచ్చిన డబ్బు చైతన్య మిగతా ఫీజుకు, కేసు కోసం చేసిన చేబదుళ్ళకు సరిపోయింది. చైతన్య సగమే తీసుకుంటానన్నా వినలేదు. ఇక పనులా? దేవేంద్ర లాంటివాడి మీద కేసేసిన మేస్త్రీని ఎవరు పిలుస్తారు? రేపు మన మీదా వేస్తాడు అనుకుంటారు. గుంపు చెదిరిపోయింది. ఇరవై ఏళ్ళు మేస్త్రీగా బతికిన మనిషి ఇప్పుడు ఇంకొకడి కింద రోజుకూలికి తాపీ పడుతున్నాడు.

మొన్న నెల మొదట్లో ఒక సోమవారం పొద్దున ఈరన్న నా షెడ్డుకు వచ్చాడు. వెనకాల తిమ్మక్క, మిగతా ఎనిమిదిమంది. గుమ్మఘట్ట నుంచి పొద్దుటి బస్సుకు వచ్చారట. అప్పీలుకేమోననుకున్నాను.

"తొమ్మిది ప్రోనోట్లు కొట్టక్కా" అన్నాడు. "నేను వీళ్ళకు బాకీ. ఒక్కొక్కరికి పదహైదు వేలు. ఏ ఇంటి పనిదో, ఎన్నాళ్ళ కూలో అన్నీ రాయి. ముట్టలేదని గూడ రాయి."

"అచ్చుకాగితాలు దొరుకుతాయి, అయిదు రూపాయలు" అన్నాను.

"వద్దు. వివరంగా కొట్టు. రేపు వీళ్ళ వకీలు అడిగినప్పుడు వీళ్ళు నా మాదిరి బిక్కమొగమేసుకొని నిలబడగూడదు."

కొట్టాను. ఒక్కొక్కరి పేరూ అడిగి, పల్లె పేరూ, తండ్రి పేరూ, పనిదినాలూ అడిగి కొట్టాను. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆ జనం ఆ రోజు పేరు అడిగితే పేరు మాత్రమే చెప్పారు. ప్రింటు తీస్తుంటే ఈరన్న వాళ్ళవైపు తిరిగి చెప్పాడు. "దీనికి మూడేండ్లే ఆయుస్సు. ఆ లోపల నేనియ్యకపోతే కోర్టుకు పోండి. పిలిస్తే వస్తా. అడిగితే బాకీ ఉండానని చెప్తా."

తిమ్మక్కకు అరవై దగ్గర పడుతోంది. ఈరన్న మాలు మోసే రోజుల్నుంచీ ఆయనతో పాటు గంప ఎత్తిన మనిషి. ఆమె ఆ కాగితాలు వద్దంటుందని, నిన్ను కోర్టుకీడుస్తామా అన్నా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని నేననుకున్నాను. ఇన్నేళ్ళు ఈ షెడ్డులో కూర్చుని కూడా నాకు మనుషులు అర్థం కాలేదు.

"ఆ రోజు బోనులో నువ్వన్న మాట మేమూ విన్నాం మేస్త్రన్నా" అంది తిమ్మక్క, గొంతు పెంచకుండానే. "ఆ ఇంట్లో పసిబిడ్డ ఉండాదంటివి. మా ఇండ్లల్లో బిడ్డల్లేరా?"

చైతన్య అడిగినదానికీ, అవతలి లాయరు అడిగినదానికీ ఏదో ఒకటి చెప్పిన మనిషి, తిమ్మక్క అడిగాక నా బల్ల మీది కాగితాలను దగ్గరకు లాక్కున్నాడు.

రెవెన్యూ స్టాంపులు నేనే అంటించాను. ఈరన్న ఒక్కొక్కదాని మీదా నిదానంగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. మొదటి కాగితాన్ని తిమ్మక్క తీసుకుంది. మిగతావాళ్ళు వరుసగా వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. తొమ్మిదిమందిలో ఒక్కరూ వద్దనలేదు.